సాకెట్టు అడ్డగింపు ప్యాచీల సమీక్ష

కంప్యూటరులో నడుస్తున్న ప్రోగ్రాము నెట్‌వర్కుతో మాట్లాడబోయినప్పుడు ఆ ప్రయత్నాన్ని మధ్యలో పట్టుకొని, కొన్నింటిని యథాతథంగా వదలి, కొన్నింటిని వేరే దారికి మళ్ళించి, మరికొన్నింటిని నిరాకరించే పద్ధతిని ఎంపికతో కూడిన సాకెట్టు అడ్డగింపు అంటారు. ఈ పని చేసే సాఫ్టువేరులో ఎవరైనా మార్పును ప్రతిపాదించినప్పుడు, దానిని చేర్చుకొనడానికి ముందు మరొకరు పంక్తి పంక్తీ చదివి పరీక్షించడమే సాకెట్టు అడ్డగింపు ప్యాచీల సమీక్ష.

సాధారణ సాఫ్టువేరులో దోషముంటే ప్రోగ్రాము ఆగిపోతుంది, లేదా తప్పు ఫలితాన్ని చూపిస్తుంది. వాడుకరికి ఆ సంగతి తెలుస్తుంది. అడ్డగింపులోని దోషం అటువంటిది కాదు. మళ్ళించవలసిన అనుసంధానం మళ్ళకుండా నేరుగా వెళ్ళిపోయినా వెబ్ పేజీ తెరుచుకొంటూనే ఉంటుంది, సందేశం చేరుతూనే ఉంటుంది. తన చిరునామా దాగి ఉన్నదని నమ్మిన వ్యక్తి చిరునామా మాత్రం అవతలివారికి తెలిసిపోతుంది. ఈ కారణంగా ఇటువంటి ప్యాచీని సమీక్షించేవారు అందులో వ్రాసి ఉన్నదానితో పాటు, వ్రాయకుండా విడిచిపెట్టినదానిని కూడా వెతకవలసి ఉంటుంది.

సాకెట్టు

సాకెట్టు అనునది ప్రోగ్రాముకూ నిర్వాహక వ్యవస్థకూ మధ్య గల ఒక ఏర్పాటు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ ప్రాంగణం నుండి 1983లో వెలువడిన 4.2 బీఎస్‌డీ యునిక్సుతో ఇది వ్యాప్తిలోకి వచ్చింది. నేటి నిర్వాహక వ్యవస్థలు దాదాపు అన్నీ ఈ పద్ధతినే కొద్ది మార్పులతో అనుసరిస్తున్నాయి.

దీనిని టెలిఫోనుతో పోల్చవచ్చు. ప్రోగ్రాము "సాకెట్" అనే పిలుపుతో ఒక పరికరాన్ని పొందుతుంది. "కనెక్ట్" అనే పిలుపుతో అవతలివారి నంబరు తిప్పుతుంది. "సెండ్", "రిసీవ్" పిలుపులతో మాట్లాడుతుంది, వింటుంది. "క్లోజ్" పిలుపుతో ఫోను పెట్టేస్తుంది. ఇతరుల పిలుపు కోసం వేచి ఉండే ప్రోగ్రాములు "బైండ్", "లిజన్", "యాక్సెప్ట్" పిలుపులను వాడతాయి. యునిక్సు తరహా వ్యవస్థలలో ప్రతి సాకెట్టుకూ ఒక చిన్న సంఖ్య కేటాయించబడుతుంది. సాకెట్టును మూసివేసిన తరువాత అదే సంఖ్యను వ్యవస్థ మరొక ఫైలుకో, మరొక సాకెట్టుకో ఇవ్వవచ్చు.

టీసీపీ పద్ధతిలో ముందుగా అనుసంధానం ఏర్పడి, ఆ తరువాత సమాచారం సాగుతుంది. యూడీపీ పద్ధతిలో ముందస్తు అనుసంధానం అవసరం లేదు. పోస్టుకార్డు వలె చిరునామా వ్రాసి డబ్బాలో వేయడమే. ఈ భేదం అడ్డగింపులో ముఖ్యమైనది. "కనెక్ట్" వద్ద మాత్రమే కాపు కాసిన వ్యవస్థకు యూడీపీ సమాచారం కంటబడకుండా పోవచ్చు.

ఉపయోగాలు

సాకెట్ల అడ్డగింపు అనగానే దొంగచాటు వ్యవహారం స్ఫురించవచ్చును గాని, దీనికి ధర్మబద్ధమైన ఉపయోగాలు అనేకం ఉన్నాయి.

మొదటిది గోప్యత. టోర్ నెట్‌వర్కు గురించి ఏమీ తెలియని ప్రోగ్రామును కూడా ఆ నెట్‌వర్కు ద్వారా నడిపించడానికి టోర్‌సాక్స్ అనే సాఫ్టువేరు ఉపకరిస్తుంది. రెండవది పరీక్ష. సాంబా ప్రాజెక్టువారు రూపొందించిన "సాకెట్ వ్రాపర్" అనే లైబ్రరీ నెట్‌వర్కు సాకెట్లను అదే కంప్యూటరులోని స్థానిక సాకెట్లుగా మార్చివేస్తుంది. దీనివలన నిర్వాహకుని హక్కులు లేకుండానే ఒకే యంత్రంపై పలు సర్వర్లను పరీక్షించడం సాధ్యమవుతుంది. మూడవది పెద్ద డేటా కేంద్రాల నిర్వహణ. సిలియం అనే సాఫ్టువేరు, ప్రోగ్రాము ఒక సేవ యొక్క ఉమ్మడి చిరునామాను పిలిచినప్పుడు, ఆ పిలుపు దశలోనే దానిని సేవను నిజంగా అందించే ఒకానొక యంత్రం చిరునామాగా మార్చగలదు.

వీటన్నింటిలోనూ "ఎంపిక" అనేది కీలకం. ప్రతి పిలుపునకూ అడ్డగించే భాగం ఒక తీర్పు చెప్పవలసి ఉంటుంది: వదలాలా, మళ్ళించాలా, నిరాకరించాలా? తీర్పు తప్పితే ఒకవైపు ప్రోగ్రాము పాడవుతుంది, మరొకవైపు రహస్యం బయటపడుతుంది.

అడ్డగించే స్థానాలు

లైబ్రరీ స్థాయి: లినక్సులో "ఎల్‌డీ ప్రీలోడ్" అనే పరిసర చలరాశి ద్వారా ఒక లైబ్రరీని మిగిలిన అన్నింటికన్నా ముందుగా ఎక్కించవచ్చు. ఆ లైబ్రరీలో "కనెక్ట్" అనే పేరుతో ఒక ఫంక్షను ఉంటే, ప్రోగ్రాము చేసే పిలుపు అసలు ఫంక్షనుకు బదులు దీనికి చేరుతుంది. ఈ పద్ధతి సులభమైనది. ప్రత్యేక హక్కులు అక్కరలేదు. అయితే ఇది ప్రోగ్రాము సహకారంపై ఆధారపడి ఉంటుంది. లైబ్రరీలను తనలోనే కలుపుకొన్న స్థిర ప్రోగ్రాములు, లినక్సుపై గో భాషలో వ్రాసిన ప్రోగ్రాముల వలె కెర్నలును నేరుగా పిలిచేవి, ఈ కాపుదలకు చిక్కవు. యజమాని హక్కులతో నడిచే సెట్‌యూఐడీ ప్రోగ్రాముల విషయంలో భద్రత దృష్ట్యా వ్యవస్థయే ఇటువంటి ప్రీలోడ్‌ను పట్టించుకోదు.

సిస్టం కాల్ స్థాయి: ప్రోగ్రాము కెర్నలును పిలిచే ద్వారం వద్దనే కాపు కాయడం రెండవ పద్ధతి. 2012లో వెలువడిన లినక్సు 3.5 నుండి సెక్‌కాంప్ వడపోత లభిస్తున్నది. ఇది పిలుపుతో వచ్చిన సంఖ్యలను మాత్రమే చూడగలదు. "కనెక్ట్" పిలుపులో చిరునామా నేరుగా రాదు, చిరునామా నిల్వ ఉన్న జ్ఞాపకస్థానం మాత్రమే వస్తుంది. ఆ స్థానంలో ఏముందో వడపోత చదవలేదు. 2019లో లినక్సు 5.0తో వచ్చిన సదుపాయం వలన పర్యవేక్షక ప్రోగ్రాము ఆ స్థానాన్ని చదవగలుగుతున్నది. కాని చదివిన క్షణానికీ, కెర్నలు దానిని వాడే క్షణానికీ మధ్య ఆ ప్రోగ్రాములోని మరొక శాఖ చిరునామాను మార్చివేయవచ్చు. కనుక ఇది ఒక్కటే భద్రతకు చాలదు.

కెర్నలు స్థాయి: లినక్సు సెక్యూరిటీ మాడ్యూళ్ళు, నెట్‌ఫిల్టరు, 2018లో లినక్సు 4.17తో వచ్చిన సీగ్రూపు బీపీఎఫ్ కొక్కేలు ఈ కోవకు చెందుతాయి. చిరునామా కెర్నలు జ్ఞాపకంలోకి నకలు చేయబడిన తరువాత తీర్పు జరుగుతుంది గనుక పై లోపం ఇక్కడ ఉండదు. ఇవి బలమైనవి, అయితే అమర్చడానికి నిర్వాహకుని హక్కులు సాధారణంగా అవసరం. పొరపాటు జరిగితే ఒక ప్రోగ్రాముతో పోక మొత్తం యంత్రంపై ప్రభావం పడవచ్చు.

ప్యాచి, సమీక్ష పద్ధతి

చిరిగిన బట్టకు వేసే మాసికను ఆంగ్లంలో ప్యాచి అంటారు. సాఫ్టువేరులో ప్యాచి అంటే పాత పాఠానికీ కొత్త పాఠానికీ గల తేడాల పట్టిక. తొలగించిన పంక్తులకు ముందు మైనస్ గుర్తు, చేర్చిన పంక్తులకు ముందు ప్లస్ గుర్తు ఉంటాయి. మార్పునకు పైన, క్రింద సాధారణంగా మూడేసి మారని పంక్తులు కూడా ఇవ్వబడతాయి. ఇటువంటి పట్టికను మూలపాఠానికి తనంతట తానే అన్వయించే "ప్యాచ్" ప్రోగ్రామును లారీ వాల్ 1985లో విడుదల చేశాడు.

లినక్సు కెర్నలు ప్రాజెక్టులో 2004 నుండి ప్రతి ప్యాచీకీ, దానిని అందించే హక్కు తనకున్నదని ధ్రువీకరించే సంతకపు పంక్తి ఉండాలనే నియమం అమలులోకి వచ్చింది. చదివి ఆమోదించినవారి పేరు, పరీక్షించినవారి పేరు వేర్వేరు పంక్తులలో నమోదవుతాయి. ఒక ప్యాచీలో ఒకే మార్పు ఉండాలనేది మరొక ఆచారం. అక్షర దోషాల దిద్దుబాటు, అడ్డగింపు నియమంలో మార్పు ఒకే ప్యాచీలో కలిసి వస్తే, మొదటిదాని సందడిలో రెండవది కంటబడకుండా పోయే ప్రమాదం ఉంది.

మూడు పంక్తుల సందర్భంతో వచ్చే ఈ పట్టిక సమీక్షకు సదుపాయమే గాని, అందులోనే ఒక వల కూడా ఉన్నది. మారిన చోటు మాత్రమే కనబడుతుంది. మారవలసి ఉండి మారని చోటు పట్టికలోకి రానే రాదు. అందువలన అనుభవజ్ఞులైన సమీక్షకులు పట్టికతో ఆగక, మూలపాఠం మొత్తాన్ని తెరిచి చూస్తారు.

సమీక్షలో పరిశీలించవలసిన అంశాలు

దారులన్నీ మూయబడినవా? "కనెక్ట్" ఒక్కటే బయటి దారి కాదు. పేరును చిరునామాగా మార్చే "గెట్ యాడర్ ఇన్ఫో" వంటి పిలుపులు డీఎన్ఎస్ సర్వరును నేరుగా సంప్రదిస్తాయి. అనుసంధానాన్ని మళ్ళించి, పేరు విచారణను వదిలివేస్తే, ఉత్తరాన్ని దాచి చిరునామాను బిగ్గరగా చదివినట్లే అవుతుంది. ఐపీవీ4ను మాత్రమే చూసి ఐపీవీ6ను మరచిపోవడం మరొక సాధారణ లోపం. యునిక్సు స్థానిక సాకెట్టు ద్వారా, అప్పటికే తెరిచి ఉన్న నెట్‌వర్కు సాకెట్టును ఒక ప్రోగ్రాము మరొకదానికి అందించగలదు. అలా అందుకొన్న ప్రోగ్రాము "కనెక్ట్" పిలుపే చేయదు.

ఎంపిక నియమం సరిగా ఉన్నదా? స్వంత కంప్యూటరును సూచించేది 127.0.0.1 ఒక్కటే కాదు, 127తో మొదలయ్యే చిరునామాలన్నీ ఆ కోవలోనివే. ఐపీవీ4 చిరునామాను ఐపీవీ6 రూపంలో పొదిగి వ్రాసే పద్ధతి కూడా ఉన్నది. అంకెల క్రమం మరొక చిక్కు. నెట్‌వర్కులో పోర్టు సంఖ్య పెద్ద బైటు ముందుగా ఉంటుంది, ఇంటెల్ తరహా యంత్రాలలో చిన్న బైటు ముందుగా ఉంటుంది. మార్పిడి చేయకుండా పోల్చితే 80వ పోర్టు 20480గా కనబడుతుంది. అప్పుడు 80ని మళ్ళించాలనే నియమం ఎన్నడూ వర్తించదు, ఏ హెచ్చరికా రాదు.

లెక్క సరిగా ఉన్నదా? మళ్ళించిన సాకెట్ల సంఖ్యలను అడ్డగించే లైబ్రరీ ఒక పట్టికలో వ్రాసుకొంటుంది. "క్లోజ్" పిలుపు వద్ద ఆ పద్దును కొట్టివేయకపోతే, అదే సంఖ్య తరువాత వేరొక సాకెట్టుకు వచ్చినప్పుడు పాత పద్దు దానికి అంటుకొంటుంది. అప్పుడు కొత్త సాకెట్టు ఇదివరకే మళ్ళించబడినదని పొరబడి నేరుగా వదిలివేయవచ్చు. సాకెట్టుకు నకలు తీసే "డూప్" పిలుపును, పలు శాఖలు ఒకేసారి పట్టికను తాకే సందర్భాన్ని కూడా చూడవలసి ఉంటుంది.

ప్రోగ్రాముకు తేడా తెలియకుండా ఉన్నదా? వేచి ఉండకుండా వెంటనే తిరిగివచ్చే సాకెట్లపై "కనెక్ట్" పిలుపు "పని జరుగుతున్నది" అనే సంకేతాన్ని ఇస్తుంది. దానిని దోషంగా భావించే ప్యాచి మంచి ప్రోగ్రాములను పాడుచేస్తుంది. అడ్డగించే భాగం తన అంతర్గత పనులలో దోష సంకేతపు విలువను చెరిపివేయకుండా దాచి, తిరిగి ఉంచాలి. సందేశాలు నమోదు చేయడానికి తానే ఒక సాకెట్టు తెరిస్తే, తనను తానే అడ్డగించుకొని అంతులేని ఆవృత్తిలో చిక్కుకొంటుంది.

విఫలమైనప్పుడు ఏమి జరుగుతుంది? ఇది అన్నింటిలోకీ ముఖ్యమైన ప్రశ్న. మధ్యవర్తి సర్వరు అందుబాటులో లేకపోయినా, జ్ఞాపకస్థానం చాలకపోయినా, గుర్తించని రకం చిరునామా వచ్చినా, అసలు ఫంక్షనును పిలిచి పని కానిచ్చే ప్యాచి ఎంత సౌకర్యంగా తోచినా తిరస్కరించదగినది. తలుపు మూసి విఫలం కావడమే గోప్యత కోరే వ్యవస్థకు తగిన నడవడి.

టోర్‌సాక్స్ ఉదాహరణ

పై అంశాలకు టోర్‌సాక్స్ చక్కని ఉదాహరణ. షాన్ క్లౌస్ వ్రాసిన టీసాక్స్ అనే పాత సాఫ్టువేరు, ప్రోగ్రాముల అనుసంధానాలను సాక్స్ మధ్యవర్తి సర్వరుకు మళ్ళించేది. దాని ఆధారంగా, టోర్ అవసరాలకు తగినట్లు రాబర్ట్ హోగన్ టోర్‌సాక్స్‌ను రూపొందించాడు. 2013లో డేవిడ్ గూలే దీనిని మొదటి నుండి తిరిగి వ్రాయడం చేపట్టాడు. దాని ఫలితమే 2.0 శ్రేణి.

టోర్‌సాక్స్ టీసీపీ అనుసంధానాలను సాధారణంగా 9050వ పోర్టుపై ఉన్న టోర్‌కు మళ్ళిస్తుంది. యూడీపీ సాకెట్లను టోర్ మోయలేదు గనుక వాటిని నిరాకరిస్తుంది. యునిక్సు స్థానిక సాకెట్లను వదిలివేస్తుంది. స్వంత కంప్యూటరుకు వెళ్ళే అనుసంధానాలను కూడా, వాడుకరి ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప, సాగనివ్వదు. పేరు విచారణను టోర్ ద్వారానే జరుపుతుంది. ఆనియన్ చిరునామాలకు నిజమైన ఐపీ చిరునామా ఉండదు కాబట్టి 127.42.42.0 మొదలుకొని ఉన్న వరుస నుండి ఒక తాత్కాలిక చిరునామాను ప్రోగ్రాముకు ఇచ్చి, తరువాత "కనెక్ట్" పిలుపులో అది కనబడినప్పుడు అసలు పేరును గుర్తు తెచ్చుకొంటుంది.

ఇందులో "సెండ్‌టు" పిలుపు కథ గమనార్హం. ఈ పిలుపు ప్రధానంగా యూడీపీ కోసం ఉద్దేశించినది. యూడీపీ సాకెట్లను ముందే నిరాకరించినందున దీనిని ప్రత్యేకంగా కాపు కాయనవసరం లేదని తోచడం సహజం. కాని 2012లో వెలువడిన లినక్సు 3.6లో టీసీపీ ఫాస్ట్ ఓపెన్ అనే సదుపాయం వచ్చింది. దాని ప్రకారం ఒక ప్రత్యేక గుర్తుతో "సెండ్‌టు"ను పిలిస్తే, "కనెక్ట్" అవసరం లేకుండానే టీసీపీ అనుసంధానం మొదలవుతుంది. టోర్‌సాక్స్‌లో ఒక్క పంక్తి మారలేదు. కెర్నలు మారింది, కొత్త దారి తెరుచుకొంది. తదుపరి ఆ గుర్తుతో వచ్చే "సెండ్‌టు"ను పట్టుకొనే భాగం టోర్‌సాక్స్‌లో చేర్చబడింది. నిన్న సరియైన సమీక్ష నేటికి సరిపోకపోవచ్చునని దీనివలన తెలుస్తుంది. 2019లో లినక్సు 5.1తో వచ్చిన ఐఓ యూరింగ్ కూడా ఇటువంటిదే. 5.5 నుండి దాని ద్వారా, లైబ్రరీలోని "కనెక్ట్" ఫంక్షనును తాకకుండానే అనుసంధానం కోరవచ్చు.

మూసి విఫలం కావడానికి చెల్లించవలసిన మూల్యం కూడా టోర్‌సాక్స్‌లో కనబడుతుంది. ప్రోగ్రాములు "సిస్‌కాల్" అనే సాధారణ ఫంక్షను ద్వారా కెర్నలు పిలుపులను సంఖ్యతో కోరవచ్చు. టోర్‌సాక్స్ తన జాబితాలో లేని సంఖ్యలను నిరాకరిస్తుంది. కొత్త ప్రోగ్రాములు నెట్‌వర్కుతో సంబంధం లేని కొత్త పిలుపులు వాడినప్పుడల్లా అవి పనిచేయక, ఆ పిలుపులను జాబితాలో చేర్చమని ప్యాచీలు వస్తాయి. అటువంటి ప్యాచి ఒకటి రెండు పంక్తులకు మించదు. అయినా ఆ పిలుపు నెట్‌వర్కును ఏ విధంగానూ తాకదని సమీక్షకుడు నిర్ధారించుకొనక తప్పదు.

పరీక్షలు

చదవడంతో సమీక్ష పూర్తి కాదు. మళ్ళించినది సరిగా చేరిందని చూపే పరీక్ష సగం మాత్రమే. మళ్ళించకూడనిది తాకబడలేదని, నిరాకరించవలసినది బయటకు పోలేదని చూపే పరీక్షలు మిగిలిన సగం. కెర్నలు పిలుపులను వరుసగా చూపే "ఎస్ట్రేస్", తీగపై వెళ్ళే సమాచారాన్ని చూపే "టీసీపీడంప్" ఇందుకు తోడ్పడతాయి. అడ్డగించే సాఫ్టువేరు తన గురించి తాను నమోదు చేసుకొన్న చిట్టాపై మాత్రమే ఆధారపడడం తగదు. తాను చూడని పిలుపును అది నమోదు చేయలేదు గదా.

నమ్మదగిన మరొక పద్ధతి లినక్సులోని నెట్‌వర్క్ నేమ్‌స్పేసు. మధ్యవర్తి సర్వరు తప్ప మరే దారీ లేని ప్రత్యేక నెట్‌వర్కు పరిసరంలో ప్రోగ్రామును నడిపితే, అడ్డగింపును తప్పించుకొన్న పిలుపు బయటకు పోలేక విఫలమవుతుంది. నిశ్శబ్దంగా ఉండిపోయే దోషం ఈ విధంగా బయటపడుతుంది. వాడుకలో కూడా ఇది లైబ్రరీ స్థాయి అడ్డగింపునకు రెండవ కంచెగా ఉపయోగపడుతుంది.

సమీక్షకు గుణపాఠాలైన సంఘటనలు

2003 నవంబరులో లినక్సు మూలపాఠపు ఒక నకలు భాండారంలోకి ఎవరో రెండు పంక్తులు చొప్పించారు. "సమానమా?" అని పోల్చే రెండు సమాన గుర్తుల స్థానంలో ఒకే గుర్తు ఉంచడం వలన, పోలిక వలె కనబడే ఆ పంక్తి వాస్తవంలో వాడుకరికి యజమాని హక్కులు కట్టబెడుతుంది. ప్రధాన భాండారంలో ఆ మార్పునకు ఆమోద నమోదు లేకపోవడం వలన అది వెంటనే పట్టుబడింది.

2006లో డెబియన్ పంపిణీలోని ఓపెన్ ఎస్ఎస్ఎల్ లైబ్రరీకి, పరీక్షా సాధనాలు చూపిన హెచ్చరికలను తొలగించే ఉద్దేశంతో ఒక చిన్న ప్యాచి చేర్చబడింది. సదుద్దేశంతో చేసిన ఆ మార్పు యాదృచ్ఛిక సంఖ్యలకు ఆధారమైన సమాచారాన్నే దాదాపుగా తొలగించింది. తత్ఫలితంగా రహస్య కీలు కొన్ని వేలలోనే పరిమితమై ఊహించదగినవయ్యాయి. 2008 మే వరకు ఈ సంగతి బయటపడలేదు. కీలు తయారవుతూనే ఉన్నాయి, లాగిన్లు జరుగుతూనే ఉన్నాయి.

2024 మార్చిలో వెలుగుచూసిన ఎక్స్‌జెడ్ ఉదంతం కంచే చేను మేసిన సందర్భం. కుదింపు లైబ్రరీ నిర్వహణలో నమ్మకం సంపాదించిన ఒక సభ్యుడు 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి అమర్చాడు. ఫంక్షను పిలుపును వేరొకదానికి మళ్ళించే విద్యనే వాడి, ఎస్ఎస్‌హెచ్ సర్వరులోని తాళపు పరీక్షను అది అడ్డగించేది. దానిని పనిచేయించే కీలక భాగం గిట్ భాండారంలో లేక, విడుదల మూటలో మాత్రమే ఉండడం వలన ప్యాచీలు చదివినవారికి కనబడే అవకాశం లేకపోయింది. లాగిన్‌కు దాదాపు అర సెకను అదనంగా పట్టడం గమనించి ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు దీనిని కనిపెట్టాడు. సమీక్షించిన పాఠం, వాడుకరికి చేరిన పాఠం ఒకటేనా అన్నది కూడా సమీక్షలో భాగమేనని ఈ ఉదంతం తరువాత విస్తృతంగా గుర్తించబడింది.

పరిమితులు

ఎంత శ్రద్ధగా సమీక్షించినా లైబ్రరీ స్థాయి అడ్డగింపు, సహకరించే ప్రోగ్రాములకు సౌకర్యమే గాని, ఎదిరించే ప్రోగ్రాములకు సంకెల కాదు. మంచి సమీక్ష ఈ పరిమితిని దాచక, ప్యాచీతో పాటు వాడుకరి పత్రంలో కూడా స్పష్టంగా వ్రాయమని కోరుతుంది. టోర్‌సాక్స్ సెట్‌యూఐడీ ప్రోగ్రాములను నడపబోతే ముందుగానే నిరాకరించి కారణం చెప్పడం ఈ దృష్టికి నిదర్శనం. తాను కాపాడలేని చోట కాపాడుతున్నట్లు కనబడకుండా ఉండడమే ఇటువంటి సాఫ్టువేరుకు మొదటి ధర్మం.

ఇవి కూడా చూడండి

లినక్సు
టోర్
సాకెట్టు
స్వేచ్ఛా సాఫ్టువేరు